గిడుగు తెరిచిన సవర బడి: తెలుగు భాషా దినోత్సవం మరిచిపోయిన సగం జీవితం

ఏటా ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి ఫొటోకు దండ పడుతుంది. తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. గ్రాంథికం మీద పోరాడి వాడుక భాషను బడిలోకి తెచ్చిన పంతులుగారని మాస్టర్లు చెబుతారు, పిల్లలు పద్యాలు పాడతారు. అల్లూరి సీతారామరాజు జిల్లా బళ్లలోనూ ఇదే జరుగుతుంది. అనంతగిరి మండలం బొర్రా గుహలకు ఏటా లక్షల మంది వచ్చిపోతుంటారు. ఆ చుట్టుపక్కల కొండలమీద కొన్ని గూడేల్లో తల్లులు పిల్లలతో మాట్లాడేది తెలుగు కాదు. ఒకచోట కొండ భాష, ఒకచోట కువి, ఇంకోచోట ఆదివాసీ ఒడియా. ఆ పిల్లలు కూడా ఆగస్టు 29న వరసలో నిలబడి తెలుగు తల్లికి జై కొడతారు.

ఆ ఫొటోలోని మనిషి సగం జీవితం అచ్చంగా ఇలాంటి పిల్లల కోసమే గడిచింది. ఆ సగం మన ఉత్సవాల్లో ఒక వాక్యానికి మించి ఉండదు. గిడుగు జీవితాన్ని మేం ఇక్కడ ఆ వైపు నుంచి చెప్పదలిచాం. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల చదువు గురించి ఇవాళ విధానాలు, జీవోలు, కోర్టు తీర్పులు చాలా వచ్చాయి. వాటి మధ్య ఆదివాసీ పిల్ల ఎక్కడ తప్పిపోతోందో ఆ జీవితం చూపిస్తుంది.

పర్వతాలపేట నుంచి పర్లాకిమిడికి

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టాడు. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా, అప్పట్లో గంజాం జిల్లా. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయ్యాక 1875లో జ్వరంతో చనిపోయాడు. పన్నెండేళ్ల పిల్లాడు విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నాడు. అక్కడ గురజాడ అప్పారావు సహాధ్యాయి. మెట్రిక్ అయ్యాక ఇంటి బరువు మీద పడింది. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతానికి మాస్టరుగా చేరాడు. ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పాలి. ఆ తర్వాత ఎఫ్.ఏ., బి.ఏ. ప్రైవేటుగానే చదివాడు. ముఖలింగం గుడి శాసనాలు చదవడానికి లిపులు కూడా సొంతంగానే నేర్చుకున్నాడు.

కాలం ఎలాంటిదో గుర్తుచేసుకోవాలి. గిడుగు ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు, 1882లో, జోతిరావు ఫూలే హంటర్ కమిషన్ ముందు తన వాదన పెట్టాడు. పన్నులు కట్టేది శూద్రులూ అతిశూద్రులూ, ఆ డబ్బుతో చదువుకునేది పై కులాల పిల్లలని లెక్క చెప్పి, అందరికీ నిర్బంధ ప్రాథమిక విద్య కావాలని అడిగాడు. సర్కారు దాన్ని పట్టించుకోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను అప్పటికే 1839 చట్టంతో ఏజెన్సీగా వేరుచేసి కలెక్టరు చేతికి ఇచ్చారు. అక్కడ పాలనంటే పోలీసు, శిస్తు, అడవి. బడి ఆఖరి మాట.

పర్లాకిమిడి ఆ కొండల అంచున ఉన్న ఊరు. సవరలు కొండ దిగి సంతకు వచ్చేవారు. అమ్మే ధర, కొనే ధర, అప్పు మీద వడ్డీ అన్నీ వాళ్లకు రాని భాషలోనే తేలేవి. షావుకారు కాగితం, ముఠాదారు లెక్క, కచేరీ వాంగ్మూలం ఏదైనా మధ్యలో దుబాసీ నోటి మీదుగానే వెళ్లాలి. చదువు రాకపోవడమొక్కటే అక్కడ సమస్య కాదు. తన మాటను తన తరఫున చెప్పుకునే చోటే సవరకు లేదు.

నేర్చుకోవడంతో మొదలైన పని

ఊళ్లోని బ్రాహ్మణ మాస్టరు సవరలకు చదువు చెప్పాలనుకున్నాడు. ఆ రోజుల్లో అలా అనుకున్నవాళ్లు సాధారణంగా చేసే పని ఒకటుంది. తెలుగు వాచకం పట్టుకుని కొండెక్కుతారు, పిల్లలు రాకపోతే వాళ్లకు చదువు అబ్బదని చెప్పి దిగివస్తారు. గిడుగు ముందు తనే విద్యార్థి అయ్యాడు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని భాష నేర్చుకున్నాడు. ఆ మనిషి పేరు గిడుగు గురించి మామూలుగా చెప్పుకునే కథల్లో వినపడదు. ఒక భాషకు వ్యాకరణం, నిఘంటువు రావడానికి దారి చూపిన గురువు ఆయన. గిడుగును తలుచుకునే రోజున ఆ పేరులేని గురువునూ తలుచుకోవాలని మేం అనుకుంటాం.

సవర తెలుగు లాంటి భాష కాదు. తెలుగు, కొండ, కువి ద్రావిడ భాషలు. సవర ముండా భాష, అరకు వైపు గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్‌కు చుట్టం. గొంతులో గాలిని ఒక్కసారి ఆపి వదిలే ధ్వని సవరలో ఉంది, తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. లెక్క కూడా వేరు. తెలుగు పిల్ల పదులతో లెక్కపెడుతుంది. సవర పిల్ల పన్నెండు దాకా వెళ్లి, పదమూడును పన్నెండూ ఒకటీ అంటుంది. ఇరవై దాటాక ఇరవైతో కలుపుతుంది. ముప్పై మూడు ఆమె లెక్కలో ఇరవై, పన్నెండు, ఒకటి.

ఈ చిన్న వివరంలో మొదటి తరగతి కథంతా ఉంది. ఈ లెక్క తెలిసిన పిల్లను తెలుగు బడిలో కూర్చోబెట్టి పదమూడు అంటే పదీ మూడూ అని చెబితే, ఆమె తెలివితక్కువదై తప్పు చెప్పదు. ఇంట్లో నేర్చుకున్న లెక్క బడిలో చెల్లదని, ఎందుకు చెల్లదో ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతుంది. ఆమెకు ఏ లెక్క వచ్చో తెలిసిన మాస్టరైతే అక్కడి నుంచి పదుల లెక్కలోకి తీసుకెళ్లగలడు. తెలియని మాస్టరు బెత్తం తీస్తాడు.

గిడుగు సవరలో పుస్తకాలు రాశాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు మొదలుపెట్టే ఏర్పాటు చేశాడు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, అది తనకొద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెడితే చాలని అన్నట్టు ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. కొండ గూడేల్లో తిరిగిన తిరుగుడుకు మలేరియా వచ్చింది, క్వినైను వాడకంతో వినికిడి దెబ్బతింది. చెవితో విని భాషను పట్టుకునే పని చేస్తున్న మనిషికి అది చిన్న నష్టం కాదు. అయినా పని ఆపలేదు. దాదాపు 35 ఏళ్ల శ్రమ తర్వాత 1931లో సవర వ్యాకరణం ఇంగ్లీషులో వచ్చింది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. రెండింటినీ మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది. కొడుకు గిడుగు సీతాపతి కూడా ఈ పనిలో చెయ్యి కలిపాడు.

వాడుక భాష పోరాటానికి వేరు

గిడుగు 1911లో ఉద్యోగం నుంచి దిగిపోయాడు. లోకానికి బాగా తెలిసిన పోరాటం ఆ చుట్టుపక్కల కాలంలోనిదే. 1906 ప్రాంతంలో స్కూళ్ల ఇనస్పెక్టరు యేట్సు తెలుగు బోధనలో ఒక చిక్కు గమనించాడు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి. గురజాడ, గిడుగు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను ముందుకు తీసుకెళ్లారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి జయంతి రామయ్య వంటివాళ్లు గ్రాంథికం వైపు నిలబడ్డారు. గిడుగు ఊరూరా తిరిగి సభల్లో పుస్తకాలు ముందు పెట్టుకుని వాదించాడు, 1919లో తెలుగు అనే పత్రిక నడిపాడు.

మా దృష్టిలో ఈ రెండు పనులూ వేర్వేరు కావు. పిల్లకు అర్థంకాని భాషలో పాఠం చెబితే ఆమెకు బట్టీ వస్తుంది, చదువు రాదని గిడుగు సవర బడి దగ్గర కళ్లారా చూశాడు. తెలుగు బడిలో గ్రాంథికం మీద ఆయన వాదనా అదే. గ్రాంథికం కొద్దిమంది చేతిలోని తాళంచెవి. అది లేనివాళ్లకు, అంటే శూద్ర, దళిత పిల్లలకు, బడి తలుపు తెరుచుకున్నట్టే ఉండి తెరుచుకోదు. దాదాపు అదే కాలంలో ఉర్దూ రాజభాషగా ఉన్న హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లల కోసం తెలుగులో చదువు చెప్పే బడులు నడిపాడు. ఒకరు కొండల అంచున, ఒకరు నిజాం రాజధానిలో పిల్ల మొదటి మెట్టు దగ్గరే పని మొదలుపెట్టారు. చాలా ఏళ్ల తర్వాత, 1953లో, యునెస్కో నిపుణుల నివేదిక పిల్లలకు మొదటి చదువు తల్లి భాషలోనే ఉండాలని ప్రపంచానికి చెప్పింది.

1936: గీతకు రెండు వైపులా

గిడుగు జీవితంలో అన్నిటికంటే బాధ పెట్టిన సంవత్సరం 1936 అనుకుంటాం. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. గిడుగు అంతకుముందు నుంచే దాన్ని ఎదిరించాడు. అర్ధశతాబ్దానికి పైగా బతికిన ఊరిని వదిలి రాజమండ్రికి వచ్చేశాడు. తన భాష కచేరీ భాష, బడి భాష కాని చోట ఉండడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు.

ఆ నిర్ణయాన్ని తెలుగువాళ్లు ఆత్మగౌరవంగా చెప్పుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ గీత సవరల మధ్య నుంచి కూడా వెళ్లింది. గీతకు అవతల సవర పిల్లకు బడి ఒడియాలో, ఇవతల తెలుగులో. రెండు వైపులా ఆమె భాష బడి భాష కాదు. వదిలి వెళ్దామంటే వాళ్లకు రాజమండ్రి లేదు. 1936లో తెలుగువాళ్లు పర్లాకిమిడిలో పడ్డ నొప్పిని సవర, కొండ, కువి, గదబ పిల్లలు తెలుగు బళ్లలో అంతకు ముందూ పడ్డారు, ఇప్పటికీ పడుతున్నారు. భాషా దినోత్సవం జరుపుకునే రాష్ట్రం ఈ మాట వినడానికి ఇష్టపడదు.

అదే 1936లో ఒరిస్సా వైపు మాంగే గొమాంగో సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని సవర భాష కోసం తయారుచేశాడు. బయటివాళ్లు తమ భాషను నేర్చుకుంటే సరిపోదని, దాన్ని రాసుకునే హక్కు కూడా తమదేనని ఆ లిపి చెప్పింది. గిడుగు పని హద్దు కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఆయన వ్యాకరణం ఇంగ్లీషులో వచ్చింది, వేసినది సర్కారు. అది కొండల్లో పాలన చేసే దొరలకూ పనికొచ్చింది. బిరుదులు మాస్టరుకు వచ్చాయి, సవరకు భూమి రాలేదు. ఇదంతా గిడుగును తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఒక మంచి మాస్టరు సొంత జీతంతో చేయగలిగింది ఎంతో, ప్రభుత్వం చేయాల్సింది ఎంతో వేరుచేసి చూడాలి కాబట్టి చెబుతున్నాం.

1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరిలో మద్రాసులో పత్రికల వాళ్ల ముందు వాడుక భాష కోసం ఆఖరిసారి మాట్లాడాడు. జనవరి 22న చనిపోయాడు.

కాగితం మీది హక్కు, గూడెంలోని బడి

గిడుగు పోయాక వచ్చిన చట్టాలు ఆయన వైపే నిలబడ్డాయి. రాజ్యాంగంలో 350-ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు ఏర్పాటు చేయమంటుంది. 45వ అధికరణం ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణ, చదువు రాజ్యం బాధ్యత అంటుంది. 2009 విద్యాహక్కు చట్టం వీలున్నంత వరకు మాతృభాషలో బోధించమంటుంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దశను పునాది అని పిలిచింది.

అమలు చేసి చూసిన అనుభవం కూడా ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్యా కార్యక్రమం ఎనిమిది భాషల్లో మొదలైంది: సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా. తెలుగు లిపిలో పుస్తకాలు వచ్చాయి. మొదటి తరగతి పిల్ల భాషలో మొదలై, మెల్లగా తెలుగులోకి వెళ్లే పద్ధతి. గిడుగు వందేళ్ల ముందు వేసిన దారే ఇది. కానీ ఇలాంటి పని పుస్తకంతో నడవదు, ఆ భాష తెలిసిన మాస్టరుతో నడుస్తుంది. ఆ భరోసా కొంతవరకైనా ఇచ్చింది 2000 నాటి జీవో 3. షెడ్యూల్డు ప్రాంతాల బళ్లలో మాస్టరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. పోస్టు ఎవరికి రావాలన్న లెక్క కోర్టులో జరిగింది. ఆ మాస్టరు మాట పిల్లకు అర్థమవుతుందా అన్న లెక్క వెనక్కిపోయింది.

అదే నెలలో ఇంకో తీర్పు వచ్చింది. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదటి తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం అని ఇచ్చిన జీవోను హైకోర్టు కొట్టేసింది. దీనిమీద మన మధ్యే వాదన జరిగింది, ఇంకా జరుగుతోంది. ఇంగ్లీషు మాకెందుకు వద్దు, మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారని దళిత, బహుజన కార్యకర్తలు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. తల్లి భాష పేరు చెప్పి మన పిల్లలను ఇంగ్లీషుకు దూరంగా ఉంచే వాదనలో కులం ఉంది. మేం ఆ ప్రశ్నను వదులుకోమనడం లేదు.

మేం చెప్పేది ఆ ప్రశ్నకు ముందు మెట్టు గురించి. పట్నంలో ఇంగ్లీషు మీడియంలో నెగ్గుకొచ్చే పిల్లకు మొదటి తరగతికి ముందే రెండు మూడేళ్ల నర్సరీ, ఎల్‌కేజీ ఉంటాయి. ఇంట్లో చదివి వినిపించే అమ్మ ఉంటుంది, బొమ్మల పుస్తకాలు ఉంటాయి. ఆ వంతెన మీదుగా ఆమె ఇంటి మాట నుంచి ఇంగ్లీషుకు దాటుతుంది. బొర్రా పైన గూడెంలో పిల్లకు ఆ వంతెన అంగన్‌వాడీ ఒక్కటే. అక్కడ టీచరమ్మ, ఆయా చాలాచోట్ల ఆ ఊరి ఆడవాళ్లే కాబట్టి వాళ్లకు పిల్ల భాష వచ్చు. గోడ మీది చార్టు, శిక్షణ, నింపాల్సిన రిజిస్టరు మాత్రం తెలుగులో వస్తాయి, ఇప్పుడు ఇంగ్లీషులో కూడా. దాంతో ఆమె తన భాషను వంటగదికి, జోలపాటకు వదిలేసి, పాఠమంటే రైములు అనుకుంటుంది. చేతిలో ఉన్న వంతెనను మనమే తీసేస్తున్నాం. తన భాషలో కథ చెప్పడం, లెక్కపెట్టడం, చదవడం వచ్చిన పిల్ల తెలుగూ ఇంగ్లీషూ త్వరగా పట్టుకుంటుంది. మొదటి రోజే అర్థంకాని శబ్దాల మధ్య కూర్చున్న పిల్ల ఐదో తరగతికి అక్షరాలు కూడబలుక్కుంటూ వస్తుంది, హాస్టలుకు వెళ్లి అక్కడి నుంచి ఇంటికి పారిపోతుంది. ఆమెను డ్రాపౌట్ అని రాసుకుంటాం.

బొర్రాకు ఒక చరిత్ర ఉంది. ఈ మండలం ఊళ్ల భూమి మీద గనుల లీజులను ఎదిరించిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదంది. తవ్వకాల లాభంలో కనీసం 20 శాతం నీళ్లకు, బళ్లకు, ఆసుపత్రులకు పక్కన పెట్టాలని కూడా అంది. ఆ తీర్పును కొండల్లో జనం కంఠతా చెబుతారు. భూమి హక్కు కోసం అంత పట్టుగా నిలబడ్డ నేల మీద, బడిలో భాష హక్కు కోసం కూడా అలాగే నిలబడాలి.

అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. ప్రతి గూడెం అంగన్‌వాడీకి ఆ గూడెం భాషలో కథల పుస్తకాలు, చార్టులు కావాలి. టీచరమ్మకు, ఆయాకు ఆ భాషలోనే పాఠం చెప్పే శిక్షణ, అందుకు తగిన జీతం కావాలి. మొదటి, రెండో తరగతుల్లో స్థానిక భాష తెలిసిన మాస్టరు ఉండాలి. జీవో 3 పోయింది కాబట్టి భాష రావడాన్నే అర్హతగా పెట్టి కొత్త నిబంధన తేవాలి. 2004 కార్యక్రమం పుస్తకాలను తిరిగి అచ్చువేసి, గదబ, పోర్జ భాషల్లో కూడా తయారుచేయాలి. వాటిని రాసే పనిలో ఆ భాషల ముసలివాళ్లను గురువులుగా పిలిచి, పుస్తకం మీద వాళ్ల పేర్లు వేయాలి. ఆగస్టు 29న కొండల మీది బళ్లలో గిడుగు ఫొటోకు దండ వేసేటప్పుడు ఆ బడి పిల్లల భాషలో ఒక కథ చెప్పించాలి. విద్యార్థి సంఘాలు ఈ ఆగస్టుకే ఈ జాబితా పట్టుకుని పాడేరు ఐటీడీఏ ముందుకు వెళ్లవచ్చు.